పెళ్లికూతురి గదిలో నేను పెట్టిన రూలు

పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు చేవెళ్లలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఫంక్షన్ హాల్లో నేను ఇరవై ఏళ్లకు పైగా చేసిన పనిలో ఇప్పుడు వాళ్లు చేరారు. ఈవెంట్లు నడపడం గురించి సిటీలో చదువుకున్నారట. చేతిలో ఫోన్లు, ఫోన్లలో లిస్టులు. కాసేపు మంచీచెడ్డా మాట్లాడాక ఒకామె అసలు సంగతికి వచ్చింది.

"స్వరూపక్కా, నీ పెట్టె గురించి హాల్ల అందరు చెప్తరు. అండ్ల ఏమేం పెట్టేదానివో జర రాసియ్యరాదూ?"

రాసిస్తానన్నాను. వాళ్లు వెళ్లాక కాగితం ముందు కూర్చుంటే లిస్టు పది నిమిషాల్లో అయిపోయింది. పిన్నీసులు, సూదులు, ఆరు రంగుల దారం, జాకెట్ హుక్కులు, చెప్పులు అతికించే గమ్, చిన్న కత్తెర, టాల్కం పౌడరు, తెల్ల చీర మరకకు సుద్దముక్క, బాసింగాలు కట్టే దారం, అగ్గిపెట్టె, కర్పూరం, తలనొప్పి మాత్రలు. చివర ఒక చిన్న స్టీలు డబ్బా, దాని నిండా బెల్లం ముక్కలు.

ఆ డబ్బా దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అది పెట్టెలోకి ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ లిస్టు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. అందుకే ఇంత రాస్తున్నాను.

పటేల్ చెప్పిన మాట

నేను మొదట చేవెళ్లలో జాకెట్లు కుట్టేదాన్ని. మా హాలు ఓనరును చుట్టుపక్కల అందరూ పటేల్ అనేవారు. తాతల నాటి జొన్న చేను చదును చేసి హాలు కట్టాడు. హాలు తెరిచిన కొత్తలో ఒక పెళ్లికి జాకెట్ చేతులు బిగుతైతే నన్ను బండి మీద పిలిపించారు. పావుగంటలో కుట్లు విప్పి సరిచేసి ఇచ్చాను. ఆ సాయంత్రమే పటేల్ నన్ను పనిలో పెట్టుకున్నాడు. నా పని పెళ్లికూతురి గది. ఆ గదిలోకి ఆమె అడుగుపెట్టినప్పటి నుంచి మండపం ఎక్కే వరకు ఏం జరిగినా నాదే బాధ్యత.

మొదటి వారం నేను అన్నిట్లో తలదూర్చాను. పూలు ఇక్కడ కాదు అక్కడ అన్నాను, సన్నాయివాళ్లకు కూడా సలహాలిచ్చాను. పటేల్ నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు పెండ్లి చేసేదానివి గాదు స్వరూప. పెండ్లి ఆగకుండ చూసేదానివి. చేసెటోళ్లు శానామంది ఉన్నరు."

ఈ ఒక్క మాటకు ఆయనకు దండం పెడతాను. మిగతా విషయాల్లో ఆయనతో పొద్దున లేస్తే గొడవే. ఆయనకు నాయకుల పిచ్చి. ఏ పెళ్లికి ఏ నాయకుడు వచ్చినా ముప్పై మంది వెంట ఉండేవారు, ఆ ముప్పై మందీ ఫొటో కోసం మండపం ఎక్కేవారు. ఒకసారి ఎవరో చెప్పుకాలితో పెళ్లికూతురి చీర తొక్కితే కుచ్చిళ్లు మొత్తం ఊడి చేతికొచ్చాయి. ఆమె నిలబడ్డచోటే కూలబడి చీర పట్టుకుంది. అప్పటి నుంచి నాయకుడు వస్తున్నాడని తెలిస్తే చాలు, కుచ్చిళ్లకు రెండు పిన్నీసులు ఎక్కువ పెట్టేదాన్ని. మీరూ పెట్టండి. నాయకులు తగ్గరు.

చామంతి తోట

ఈ ఉద్యోగంలో జీతం గురించి చెప్పను గానీ సంబరం మాత్రం దండిగా ఉండేది. ముహూర్తం దగ్గరపడుతుంటే, బయట డప్పు దరువు పెరుగుతుంటే, ఏదో ఒకటి తప్పిపోయిందని ఎవరో పరుగెత్తుకొస్తారు చూడండి, అప్పుడు నా ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చేది. ఇప్పటికీ మా వీధిలో బ్యాండు వినిపిస్తే పెట్టె కోసం చెయ్యి చాస్తాను.

ఒకసారి దండలు తెచ్చే కారు గండిపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ముహూర్తానికి నలభై నిమిషాలు. పెళ్లికూతురి మేనమామ ఫోన్లో డ్రైవరును తిట్టడం తప్ప ఏం చేయడంలేదు. నేను స్కూటీ తీసి హాలు వెనక చేలలోకి పోనిచ్చాను. అక్కడ ఎల్లవ్వ అనే ముసలామెకు చామంతి తోట ఉంది. కూలీలు పూలు తెంపుతున్నారు. విషయం చెప్పాను.

"గింత దానికి ఉరికొచ్చినవా బిడ్డ? కూసో" అంది ఎల్లవ్వ.

నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, నలుగురు ఆడవాళ్లను పిలిచి, అరటి నార చీల్చి, ఇరవై నిమిషాల్లో రెండు దండలు గుచ్చి ఇచ్చారు. అప్పుడే తెంపిన పూలు, ఇంకా తడి ఆరలేదు. దండలు మెడలో వేసుకుని స్కూటీ నడుపుతుంటే రోడ్డు మీద అందరూ నన్నే చూశారు. కారులో రావాల్సిన దండలు భోజనాల వేళకు చేరాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

అలాంటి రోజుల వల్ల నాకు పేరొచ్చింది. స్వరూపక్క ఉంటే ఫికర్ లేదు అనేవారు. పేరొచ్చాక నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. ఇది రాయడానికి నాకు సిగ్గేం లేదు.

మధుపర్కం మీద క్యారెట్ హల్వా

ఆ పొగరు నుంచే రూలు పుట్టింది. ఒక పెళ్లిలో చిన్నమ్మలు, మేనత్తలు గదిలో కూర్చుని ప్లేట్లు పెట్టుకుని తింటున్నారు. మా చేవెళ్ల క్యారెట్లతో చేసిన హల్వా, నెయ్యి కారుతోంది. పెళ్లికూతురు తెల్లటి మధుపర్కం చీర కట్టుకుని ఉంది. ఎవరి మోచెయ్యో తగిలి హల్వా ప్లేటు ఆమె ఒళ్లో బోర్లా పడింది. పౌడరు చల్లాను, సుద్ద రుద్దాను, తడిగుడ్డతో అద్దాను. నెయ్యి మరక ఇంకా పెద్దదైంది. కుచ్చిళ్లు తిరగేసి కట్టి మరకను లోపలికి దాచాను. అయినా మండపం మీద ఎవరో కనిపెట్టారు, అటువాళ్లు ఒక మాట అన్నారు, ఇటువాళ్లు రెండు అన్నారు. ఆ పిల్ల జీలకర్ర బెల్లం వేళకు ఏడుస్తూనే ఉంది.

మరునాడే బోర్డు రాయించాను. "ఈ గదిలో తినరాదు, తాగరాదు." ఎర్ర అక్షరాలతో తలుపు లోపల తగిలించాను. గదిలోకి వచ్చే ప్రతి సంచీ నేను చూసేదాన్ని. తినే వస్తువు కనిపిస్తే తీసుకెళ్లి నా ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఎంత పెద్దింటివాళ్లైనా సరే, వినేదాన్ని కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మా హాల్లో ఒక్క చీర మీద ఒక్క మరక పడలేదు. పటేల్ ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. పెళ్లికూతుళ్లు ఎలాగూ ఉపవాసమే కదా, ముహూర్తం దాకా తిండితో పనేముంది అనుకునేదాన్ని.

మౌనిక

మౌనిక వాళ్లది షాబాద్ వైపు ఊరు. తండ్రి ఒకప్పుడు సర్పంచ్, మనిషి మంచివాడు. పెళ్లికొడుకు శ్రీకాంత్‌ది మోకిల. ముహూర్తం పొద్దున పదకొండు ఇరవై. ఎనిమిదిన్నరకల్లా పిల్ల, తల్లి పద్మ హాలుకు వచ్చారు. వాళ్ల వెనకే పెళ్లికొడుకు పెద్దమ్మ ప్రధానం చీర పళ్లెంలో పెట్టుకుని వచ్చి, పిల్లను తయారు చేసేది చూస్తానని గదిలోనే కుర్చీ వేసుకుంది.

అలవాటు ప్రకారం సంచులు చూశాను. మౌనిక పక్కన పూల అచ్చు వేసిన ఒక చిన్న గుడ్డ సంచి ఉంది. జిప్పు తీయగానే పైన బిస్కెట్ ప్యాకెట్లు, రెండు జ్యూస్ డబ్బాలు కనిపించాయి. కింద ఏముందో చూడలేదు. తినేవి ఇక్కడ వద్దని, ముహూర్తం అయ్యాక నేనే తెచ్చిస్తానని చెప్పి సంచీ తీసుకున్నాను. మౌనిక తల్లి వైపు చూసింది. తల్లి ఆ పెద్దమ్మ వైపు చూసింది.  చీర మీద ఆవగింజంత మరకను కనిపెట్టే నా కళ్లకు ఆ చూపులు కనిపించాయి కానీ, అర్థం కాలేదు. సంచీ బీరువాలో పెట్టి తాళం వేసొచ్చాను.

కాసేపటికి పద్మను మండపం మీదికి పిలిచారు. వెళ్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జర పిల్లను చూసుకో అక్క."

ఆ మాట అనని తల్లి ఉండదు. సరే వదినా, నువ్వు పో అన్నాను.

పదిన్నర అయింది. గండిపేట నుంచి వచ్చిన బ్యూటీషియన్ రేష్మా పూలజడ వేస్తోంది. మౌనిక నుదుటి మీద చెమట. రేష్మా అద్దింది. మళ్లీ పట్టింది, మళ్లీ అద్దింది. ఏసీ ఇంకా పెంచాను. గాజులు గలగలమంటున్నాయి, చూస్తే చేతులు వణుకుతున్నాయి. భయమై ఉంటుందిలే అనుకున్నాను. అంతలో మౌనిక రేష్మా చెయ్యి విసిరికొట్టి, నా వైపు తిరిగి, బస్సు ఎప్పుడొస్తుందని అడిగింది.

ఏ బస్సూ లేదు. 

"ఏంది, పిల్లకు గిట్ల చెమటలు పడుతున్నయి?" అని పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది.

ఉపవాసం కదమ్మా అంటూనే వంగి మౌనిక చెవి దగ్గర నోరు పెట్టాను. ఏమైనా మందులు వాడతావా బిడ్డా అని అడిగాను. ఆమె పెదాలు కదిలాయి.

"షుగర్ అక్క. చిన్నప్పటిసంది. నా సంచి..."

పొద్దున ఇంటి దగ్గర ఇన్సులిన్ సూది వేసుకుందట. అరముక్క ఇడ్లీ తిని బయలుదేరింది. మిగతాది హాల్లో ఎవరూ చూడకుండా తినాలని తల్లీకూతుళ్ల ఏర్పాటు. ఆ ఏర్పాటును నేను తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, షుగర్ పడిపోతోంది, ఈ పిల్ల నోట్లో ఇప్పుడే తీపి పడాలి. నా ఆఫీసు గది లాన్ అవతల ఉంది. లాన్‌లో పెళ్లికొడుకువాళ్లకు ఎదురెళ్లే ఎదుర్కోళ్లు నడుస్తున్నాయి, మూడొందల మంది, డప్పులు, రంగులు. పోయి రావడానికి పది నిమిషాలైనా పడుతుంది. చేతిలో నా పెట్టె ఉంది. అందులో అన్నీ ఉన్నాయి, నోట్లో పెట్టడానికి ఒక్కటీ లేదు. అంత భయం నాకు నా కాన్పులప్పుడు కూడా వేయలేదు.

బల్ల మీద పళ్లెంలో తమలపాకులో చుట్టిన జీలకర్ర బెల్లం కనిపించింది.

ముందు పెద్దమ్మను బయటికి పంపాలి. తెర పట్టడానికి మీవాళ్లు మిమ్మల్నే పిలుస్తున్నారమ్మా, పెద్దమ్మ పట్టాల్సిందేనంటున్నారు అని అబద్ధం చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. కొంగు సర్దుకుని గబగబా వెళ్లింది. నేను తలుపు గడియ పెట్టి, ఆకు విప్పి, బెల్లం ముద్ద చిన్నచిన్నగా తుంచి మౌనిక నోట్లో పెట్టాను. మింగగలుగుతోంది, దేవుడి దయ. జీలకర్ర ఘాటుకు ముఖం చిట్లించింది. నమలు తల్లీ, నమలు అంటూ మొత్తం తినిపించాను. వాడిపోయినట్టు కనిపిస్తే ఆగకుండా నన్ను పిలువమని రేష్మాకు అప్పజెప్పి, హాలు డ్రైవరుకు ఫోన్ చేసి దవాఖానకు కారు సిద్ధంగా పెట్టమని చెప్పి, పరుగెత్తాను.

లాన్‌లో ఎవరో బావగారు నా చెయ్యి పట్టుకుని డ్యాన్సులోకి లాగాడు. మోచేత్తో ఒక్కటిచ్చాను. బీరువా తెరిచి సంచీ గుండెలకు హత్తుకుని తిరిగి వస్తుంటే, ఎదురుగా గొడుగు కింద పెళ్లికొడుకు. పూల సంచీని చూశాడు, నన్ను చూశాడు. ముఖం ఒక్కసారిగా మారిపోయింది. తన దారికి నేను అడ్డు వచ్చానన్నట్టు చూశాడనిపించింది. ఎవడో పొగరుబోతులా ఉన్నాడు, పాపం పిల్ల అనుకుంటూ దాటిపోయాను.

గదిలో మౌనిక కూర్చునే ఉంది, కళ్లలో తెలివి వచ్చింది. జ్యూస్ తాగించాను. పట్టుచీర మీద నాలుగు చుక్కలు పడ్డాయి. నేను వాటివైపు కూడా చూడలేదు. సంచీ అడుగున షుగర్ చూసుకునే మిషను ఉంది. ఆమే వేలికి గుచ్చుకుని చూసుకుంది. అరవై ఒకటి. ఇంతకుముందు ఇంకెంత తక్కువ ఉందో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. బిస్కెట్లు తినిపించి కూర్చోబెట్టాను. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే నూట పది.

"నేను మంచిగనే ఉన్న అక్క. ఏడవకు" అంది మౌనిక. నేను ఏడుస్తున్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు.

ఇక కొత్త జీలకర్ర బెల్లం కావాలి. వంటశాలకు పరుగెత్తితే మాస్టరు దగ్గర పాయసం బెల్లం ఉంది, జీలకర్ర మాత్రం మజ్జిగలోకని వేయించి పెట్టిందే ఉంది. అదే తీసుకుని, స్టీలు గ్లాసు అడుగుతో నూరి, కొత్త ఆకులో చుట్టాను. కమ్మటి వాసన గుప్పుమంది.

అంతలో పద్మ వచ్చింది. తలుపు దగ్గరే విషయం చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్క, నీ కాళ్లు మొక్కుత. వాళ్లకు తెల్వొద్దు. తెలిస్తే పెండ్లి ఆగుతది."

నాకు కోపం వచ్చింది. ఇలాంటిది దాచి పెళ్లి చేస్తే రేపు ఆ ఇంట్లో ఈ పిల్ల ఏ గదిలో దాక్కుని తింటుంది అని అడగాలనిపించింది. కానీ ఆ నిమిషంలో ఆమెను తిట్టే హక్కు నాకు లేదు. కూతురి తిండికి తాళం వేసింది నేను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అటు మౌనిక, అమ్మా ఆయనకు అని ఏదో చెప్పబోయింది. పద్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఇప్పుడేం మాట్లాడకు బిడ్డా అంది.

అమ్మాయిలూ, ఇక్కడ ఆగి ఒక మాట వినండి. తల్లిని అడగకండి, అత్తలను అడగకండి. పెళ్లికూతురు రాగానే అందరినీ బయటికి పంపి, తలుపు మూసి, ఆమెనే అడగండి. ఏం తిన్నావు, ఏం మందులు వాడతావు, ఎవరికి తెలియకూడదు. ఈ మూడు అడగడానికి రెండు నిమిషాలు చాలు. నేను అన్నేళ్లూ సంచులు చూశాను, మనిషిని అడగలేదు. ఆ సాయంత్రమే బోర్డు పీకి పొయ్యిలో పెట్టించాను, బెల్లం డబ్బా పెట్టెలో పెట్టుకున్నాను.

తెర

మండపానికి నడిపిస్తుంటే మౌనిక నా మణికట్టు వదల్లేదు. పక్కనే ఉండమంది. అలా ఇటువైపు తెర కొంగు నా చేతికొచ్చింది. అటు కొంగు పట్టుకుని పెద్దమ్మ ధీమాగా నిలబడింది. నన్నే పిలిచిన్రు అని పక్కావిడకు చెప్తోంది.

పంతులుగారు ఆకు విప్పారు. వేయించిన జీలకర్ర వాసన మండపమంతా పాకింది. ఆయన ముక్కు ఎగబీల్చి, ఆకును చూసి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి మంత్రం అందుకున్నారు.  మౌనిక ముఖం మీదే నా చూపు. మళ్లీ చెమట పడుతుందా, చెయ్యి వణుకుతుందా, ఆమె అత్తింటివాళ్లందరి ముందూ ఇప్పుడు తూలిపోతే ఏం చెప్పాలి, పద్మకు ఇచ్చిన మాట ఏమవుతుంది. డప్పులు, సన్నాయి ఒక్కసారిగా లేచాయి. మౌనిక చెయ్యి తెర మీదుగా వెళ్లి అతని తల మీద ఆనింది. అతని చెయ్యి ఇటు వచ్చి ఆమె తల మీద ఆనింది. పక్కనే ఉన్న నాకు తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, తెర అవతలి నుంచి శ్రీకాంత్ గొంతు వచ్చింది.

"ఎంతున్నది?"

మౌనిక తల వంచే ఉంది. పెదాల మీద నవ్వు.

"నూట పది."

"సంచి ఉరికిపిస్తుంటే చూసిన. పానం పోయింది నాకు. నా జేబుల చాక్లెట్లున్నయి, కూసున్నంక ఇస్త."

పద్మ పొద్దుటి నుంచీ, నేను ముప్పావుగంట నుంచీ ఎవరి దగ్గర దాచడానికి చచ్చామో, అతనికి ఆమె ఎప్పుడో చెప్పుకుంది. లాన్‌లో నేను పొగరనుకున్నది భయం. కిందికి చూస్తే పద్మ ఇంకా కొంగు నోట్లో కుక్కుకునే నిలబడి ఉంది, ఆమెకు ఏమీ తెలియదు. 

పంతులుగారు తెర దించమని ఇంకా చెప్పనే లేదు. నా వైపు కొంగు నేను వదిలేశాను.